ఫైరీ ఫర్నెస్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా? రేంజర్‌తోనా, సొంతంగానా?

మీ ప్రశ్న చదివాను. అక్టోబర్ రెండో వారంలో డాలస్ నుంచి యూటా వస్తున్నారు. నాన్నగారికి 64, షుగర్ మాత్రలు వాడతారు, కానీ ఏటా అలిపిరి మెట్ల మీదుగా కొండెక్కే మనిషి. అమ్మగారికి 60, మోకాళ్ల నొప్పులు. పాపకు ఏడేళ్లు. ఆర్చెస్ నేషనల్ పార్క్‌లో ఫైరీ ఫర్నెస్ అని ఎర్రటి రాతి సందుల మధ్య రేంజర్ (పార్కు ఉద్యోగి) వెంట నడిచే హైక్ ఉందని విన్నారు. ఐదుగురం వెళ్లొచ్చా, రేంజర్ లేకుండా పర్మిట్ తీసుకుని మనమే వెళ్తే ఇంకా తీరిగ్గా ఉంటుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. నాన్నగారు, మీరు, పాప రేంజర్‌తో వెళ్లండి. అమ్మగారిని లోపలికి తీసుకెళ్లకండి. ఆవిడకి అలాంటి అనుభవమే దొరికే చోటు అక్కడికి రెండు మైళ్లలో ఉంది, కింద చెప్తాను. మీ ఆయన అమ్మగారితో ఉండాలి, ఆవిడని ఒక్కరినే పార్కింగ్‌లో వదలొద్దు. పర్మిట్ మీద సొంతంగా వెళ్లడం మాత్రం మొదటిసారి వద్దే వద్దు.

నేను సాల్ట్ లేక్ సిటీకి వచ్చి పద్నాలుగేళ్లు. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె, గండికోట బండల మీద ఆడుకుని పెరిగినవాణ్ణి. ఇక్కడికొచ్చాక ఫైరీ ఫర్నెస్‌లోకి రేంజర్లతో ఐదుసార్లు, పర్మిట్‌తో రెండుసార్లు వెళ్లాను. మన ఊళ్లనుంచి వచ్చిన పెద్దవాళ్లని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లినవే ఎక్కువ. ఎవరికి ఎక్కడ కష్టమవుతుందో దగ్గరుండి చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మొదట నాన్నగారి సంగతి. అలిపిరి మెట్లు 3,550 ఎక్కే మనిషికి రెండు మైళ్ల నడక ఒక లెక్కా అని మీకు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, మా మేనమామని తీసుకెళ్లినప్పుడు. ఆయనది ప్రొద్దుటూరు పక్క పల్లె, వ్యవసాయం. 61 ఏళ్ల వయసులో పొద్దున్నే నాలుగైదు కిలోమీటర్లు చేనిగట్ల మీద తిరిగి వచ్చేవారు. ఊపిరికీ, కాళ్ల బలానికీ లోటు లేదు. లోపలికి వెళ్లిన ఇరవై నిమిషాలకి ఏటవాలు బండ ఒకటి దిగాల్సి వచ్చింది. పెద్ద ఎత్తేం కాదు, మన పెరటి గోడంత ఉంటుంది. ఆయన పైన ఆగిపోయారు. కాలు ముందుకు రావట్లేదు. పట్టుకోవడానికి కొమ్మ లేదు, కమ్మీ లేదు. వెనక పన్నెండు మంది నిలబడి ఉన్నారు. ఆయన ముఖంలో ఆ ఇబ్బంది నేనెప్పుడూ చూడలేదు.

మెట్లకీ బండకీ ఉన్న తేడా నాకు అప్పుడు తెలిసింది. మెట్ల మీద ప్రతి అడుగుకీ చదునైన చోటు ఎవరో ముందే చెక్కి పెట్టారు. అక్కడ కావాల్సింది ఓపిక, శ్వాస. బండ మీద ఆ చదును ఉండదు. ఏటవాలుగా ఉన్న రాయిని చెప్పు అడుగు పట్టుకుంటుందని నమ్మి బరువంతా దాని మీద వేయాలి. ఆ నమ్మకం కండబలంతో వచ్చేది కాదు. నేను చూసినంతలో మెట్లెక్కే అలవాటున్న పెద్దల కంటే, చిన్నప్పుడు చింతచెట్లు ఎక్కినవాళ్లు, బావిలో దిగినవాళ్లు, అహోబిలంలో భవనాశి వెంట రాళ్ల మీద నడిచినవాళ్లు తేలిగ్గా వెళ్తారు. నాన్నగారిని ఒకసారి అడగండి, చిన్నతనంలో ఏం చేసేవారో.

ఆ రోజు మా మామని దింపింది రేంజరే. ముందు నడుస్తున్న ఆవిడ తిరిగి పైకొచ్చింది. చెయ్యి పట్టుకుని లాగలేదు. ఆయన పక్కన అదే బండ మీద నిలబడి, మోకాళ్లు కొంచెం వంచి, కాలివేళ్లు కిందివైపు పెట్టి, పాదం మొత్తం రాతికి ఆనించి చూపించింది. ఆయన భయంతో వెనక్కి, కొండవైపు వాలుతున్నారు. అందరం చేసే పని అదే. కానీ వెనక్కి వాలితే బరువు మడమ అంచు మీదకి పోతుంది, అడుగు జారుతుంది. నడుము కొంచెం ముందుకు తెచ్చి బరువు నేరుగా పాదం మీద పడేట్టు నిలబడితే చెప్పు రాతిని పట్టేస్తుంది. ఆవిడ చెప్పింది నేను తెలుగులో చెప్తుంటే ఆయన రెండు అడుగులు వేశారు. మూడో అడుగుకి ఆయనకే తెలిసిపోయింది. ఇసుకరాయి గరుకుకాగితంలా ఉంటుంది, పొడిగా ఉన్నప్పుడు మంచి అడుగున్న బూటుని వదలదు. అదీ కుదరకపోతే కూర్చుని, రెండు చేతులూ వెనక ఆనించి మెల్లగా జరగడమే, అందులో నామోషీ లేదని కూడా ఆవిడే చెప్పింది. ఆ తర్వాత మూడు గంటలూ మామ మా అందరికంటే ముందున్నారు.

అందుకే రేంజర్‌తో వెళ్లమనేది. దారి చూపడం ఒక్కటే అయితే ఫోన్‌లో ఏదో మ్యాప్ చాలనుకోవచ్చు. ఏ బండ దగ్గర ఎవరు ఆగిపోతారో వాళ్లకి తెలుసు. ఏ సందులో కాళ్లు ఒక గోడకి, చేతులు ఎదురుగోడకి ఆనించి అడ్డంగా జరగాలో, ఏ పగులు దగ్గర పిల్లల్ని ఎలా అందుకోవాలో రోజూ చూస్తున్న మనుషులు. అయితే ఒక మాట. రేంజర్ మిమ్మల్ని మోయరు, ఎత్తుకోరు. మొదలయ్యే చోటే ఈ నడక ఎలా ఉంటుందో పూర్తిగా చెప్పి, కష్టమనుకున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చని అడుగుతారు. ఆ ప్రశ్నకి మొహమాటంతో తలూపకండి. బయల్దేరిన తర్వాత ఒక్కరు వెనక్కి తిరగాలన్నా గుంపు మొత్తం ఇబ్బంది పడుతుంది.

ఇక పర్మిట్ సంగతి. పర్మిట్ తీసుకుంటే మొదట వాళ్ల సూచనలన్నీ విని, అర్థమయ్యాయని ఒప్పుకోవాలి, తర్వాత మీ ఇష్టం. లోపల అక్కడక్కడా చిన్న చిన్న బాణం గుర్తులు ఉంటాయి కానీ, మామూలు ట్రెయిల్‌లా గీసిన దారి ఉండదు. మేం మొదటిసారి పర్మిట్‌తో వెళ్లినప్పుడు నలుగురు పెద్దవాళ్లం, ఇద్దరు పిల్లలు. అంతకు ముందు రెండుసార్లు రేంజర్‌తో వెళ్లాను కదా, దారి గుర్తుంటుందనుకున్నాను. గంటన్నరకే తప్పిపోయాం. రెండు వైపులా గోడలు నిటారుగా లేస్తాయి, ఆకాశం ఒక చీలికలా కనిపిస్తుంది, సూర్యుడు ఎటున్నాడో తెలియదు. ఫోన్‌లో మనం ఉన్న చోటు చూపించే చుక్క ఈ గోడమీంచి ఆ గోడమీదకి దూకుతూ ఉంటుంది. పైన ఆకాశం కాస్తే కనిపిస్తుంటే జీపీఎస్‌కి ఉపగ్రహాల సిగ్నల్ సరిగా అందదు మరి.

అప్పుడు మేం చేసిన తప్పు, మీరు ఎప్పుడైనా పర్మిట్‌తో వెళ్తే గుర్తుపెట్టుకోండి. ఇసుకలో అడుగుల గుర్తులు కనిపిస్తే దారి అదే అనుకుని వెంటబడ్డాం. ఓ వంద గజాలు పోయాక రాతిగోడ అడ్డం వచ్చింది. వెనక్కి వచ్చి ఇంకో వరస అడుగుల వెంట పోతే అక్కడా గోడే. దారి తప్పినవాళ్లందరూ ఆ మూల దాకా వెళ్లి తిరిగి వస్తారు. అంటే దారిలో కంటే దారి కానిచోటే అడుగులు రెండింతలు పడతాయి. బాణం గుర్తు ఒకటి వదిలాక రెండోది కనిపించేదాకా ఒక మనిషిని మొదటి గుర్తు దగ్గరే నిలబెట్టి, మిగిలినవాళ్లు వెతకాలి. అది తెలియక మూడు గంటల నడకకి ఐదున్నర గంటలు పట్టింది. నీళ్లు ఉన్నాయి కాబట్టి ప్రమాదం ఏమీ జరగలేదు కానీ, చిన్నవాడు చివరి గంట ఏడుస్తూనే నడిచాడు. వాడికి ఇప్పటికీ ఆ చోటు పేరెత్తితే ఇష్టం లేదు. మీ పాపకి అలా కాకూడదనే నా బాధ.

పిల్లల గురించి అడిగారు. ఐదేళ్లలోపు పిల్లల్ని అసలు రానివ్వరు, వీపు మీద మోసుకెళ్తామన్నా ఒప్పుకోరు. ఏడేళ్ల పాపకి ఇది పండగలా ఉంటుంది. పెద్దవాళ్లు పొట్ట లోపలికి బిగబట్టి దూరే సందులో పిల్లలు నడిచి వెళ్లిపోతారు. వాళ్లతో ఉన్న చిక్కల్లా ముందుకు పరిగెత్తడమే. పాప ఎప్పుడూ మీ ముందు, మీ చెయ్యి అందేంత దూరంలో ఉండాలి. గోడ మీద పేర్లు గీయడం, రాళ్లు ఏరి జేబులో వేసుకోవడం కుదరదని ముందు రోజు రాత్రే చెప్పి ఉంచండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తాను. నాన్నగారికి ఇది ముందే చెప్పి తీసుకెళ్తే ఆయన చూసే చూపు వేరుగా ఉంటుంది.

అక్కడ గోడల్లా నిలబడ్డ ఆ రాళ్లని ఇంగ్లీషులో ఫిన్స్ అంటారు, చేప రెక్కలని. మనిషెవరో వరసగా కోసి నిలబెట్టినట్టు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఆ వరసకి కారణం ఉప్పు. సుమారు 30 కోట్ల ఏళ్ల కింద ఆ ప్రాంతంలో సముద్రం నిండుతూ, ఎండుతూ పోయింది. ఎండిన ప్రతిసారీ ఉప్పు మిగిలింది. అలా వేల అడుగుల మందాన ఉప్పు పేరుకుంది. దాని మీద కొండల నుంచి కొట్టుకొచ్చిన మట్టి, ఇసుక పొరలు పొరలుగా పడి రాయి అయ్యాయి. ఉప్పు మామూలు రాయి లాంటిది కాదు. మీద బరువు పడితే తడిపిన పిండిలా మెల్లగా పక్కకి జరుగుతుంది, బరువు తక్కువున్న చోట పైకి ఉబుకుతుంది. అలా ఉబికినప్పుడు మీదున్న ఇసుకరాయి వంగింది. నిన్నటి జొన్నరొట్టెని కిందనుంచి వేళ్లతో పైకి నొక్కి చూడండి. పైన వరసగా బీటలు పడతాయి, అన్నీ ఒకే దిక్కుకి. అక్కడ జరిగింది అదే. తర్వాత నీళ్లు దిగి కింద ఉప్పు కరిగిపోతే మధ్యభాగం కుంగి లోయ అయింది. దాని పేరే సాల్ట్ వ్యాలీ. ఆ లోయ అంచున బీటలు వారి మిగిలిన రాయే ఫైరీ ఫర్నెస్. వాన నీళ్లు బీటల్లో దిగడం, చలికాలం గడ్డకట్టి రాతిని నెట్టడం, మళ్లీ కరగడం. బీటలు సందులయ్యాయి, మధ్యలో మిగిలిన రాయి గోడలైంది. ఆ గోడలకి కింద మెత్తని చోట చిల్లు పడి పెద్దదైతే అది తోరణం.

తోరణం అంటే అమ్మగారికీ, నాన్నగారికీ వేరే చెప్పక్కర్లేదు. తిరుమలలో శిలాతోరణం చూసే ఉంటారు. అలాంటివి ఆర్చెస్ పార్క్‌లో 2,000కి పైగా ఉన్నాయి. కనీసం ఒక వైపు మూడు అడుగులైనా తెరిచి ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. వయసులో మాత్రం మనదే పెద్ద. ఇక్కడి ఎంట్రాడా ఇసుకరాయి జురాసిక్ కాలంది, అంటే డైనోసార్లు తిరిగిన రోజులది. మన శిలాతోరణం రాయి, గండికోట రాయి వంద కోట్ల ఏళ్లకి పైబడినవి. ఇసుకే బిగిసి బిగిసి క్వార్ట్‌జైట్ అయిన గట్టి రాయి మనది. ఇక్కడిది ఇంకా ఇసుకగానే ఉన్న రాయి, వేలితో గట్టిగా రుద్దితే రేణువులు రాలతాయి. అందుకే ఇక్కడ తోరణాలు తొందరగా పుడతాయి, తొందరగా పోతాయి. 1991లో ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ కిందిభాగం నుంచి 60 అడుగుల పొడవున్న పలక ఊడి పడింది. 2008 ఆగస్టులో వాల్ ఆర్చ్ ఒక రాత్రి మొత్తంగా కూలిపోయింది. మా మామకి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయారు.

పేరు చూసి భయపడకండి. కొలిమి అన్నారు కాబట్టి లోపల వేడి ఉంటుందనుకుంటారు. సాయంత్రం ఎండ పడినప్పుడు నిప్పులా ఎర్రగా కనిపిస్తుందని ఆ పేరు. లోపల చాలాభాగం నీడ. అక్టోబర్‌లో అయితే పొద్దునపూట చలే, పాపకి జాకెట్ ఉండాలి. జులై, ఆగస్టుల్లో పార్కు పక్క ఊరు మోయాబ్‌లో 100 ఫారెన్‌హీట్ దాటుతుంది, వానలూ అప్పుడే ఉరుములతో వస్తాయి. మీరు ఎంచుకున్న నెల చాలా మంచిది.

అయితే ఆ నీడని చూసి నీళ్లు తగ్గించకండి. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీళ్లు మాత్రం పోతుంటాయి. మనిషికి రెండు లీటర్లు, పాపకి ఒక లీటరు. సీసా చేతిలో పట్టుకోవద్దు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. వీపుకి అంటుకునే చిన్న బ్యాగు చాలు. పెద్ద బ్యాగైతే సందుల్లో గోడకి తగులుకుంటుంది, అప్పుడు అందరూ ఆగాల్సి వస్తుంది.

బూట్ల గురించి గట్టిగా చెప్తున్నాను. నాన్నగారు ఇండియా నుంచి తెచ్చుకున్న నడక బూట్ల అడుగు తిప్పి చూడండి. గాడులు అరిగి నున్నగా ఉంటే కొత్తవి కొనండి. రబ్బరు అడుగు, లోతైన గాడులు, మడమ కదలకుండా పట్టే బూటు. కొన్నవెంటనే వేసుకుని రాకుండా డాలస్‌లో పది రోజులు వేసుకుని తిరగమనండి. షుగర్ ఉన్నవాళ్లకి కాలికి పొక్కు వస్తే మామూలు పొక్కులా ఊరుకోదు. సాయంత్రం గదికి వచ్చాక ఆయన పాదాలు మీరే ఒకసారి వెలుతురులో చూడండి. వేళ్ల సందులు, మడమ వెనక. ఆయన బాగానే ఉందంటారు, అయినా చూడండి. ఇంకొకటి, మూడు గంటలు ఎక్కి దిగుతుంటే షుగర్ పడిపోవచ్చు. ఏ మాత్ర వాడుతున్నారో దాన్నిబట్టి ఉంటుంది కాబట్టి బయల్దేరేముందు ఆయన డాక్టర్ని ఫోన్‌లో అడిగి పెట్టుకోండి. జేబులో నాలుగు ఖర్జూరాలో, బెల్లం చిక్కీయో ఉండాలి. బ్యాగు అడుగున పెడితే అవసరమైనప్పుడు అందవు.

డాలస్‌లో ఉండగానే ఒక పరీక్ష చేయండి. నాన్నగారిని కింద నేల మీద బాసిపట్లు వేసి కూర్చుని, ఒక్క చేతి ఆసరాతో లేవమనండి. ఒంటికాలి మీద ఇరవై సెకన్లు నిలబడమనండి. రెండూ కుదిరితే వీలు చూసుకుని ఒక వారాంతం ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఎన్‌చాంటెడ్ రాక్‌కి తీసుకెళ్లండి. అది గులాబీరంగు గ్రానైట్ గుండు, 425 అడుగులు ఎక్కాలి. మెట్లు ఉండవు, వాలుబండ మీదే నడక. అది ఎక్కడం కాదు, దిగేటప్పుడు ఆయన మొహం చూడండి. మాట్లాడుతూ దిగితే ఫైరీ ఫర్నెస్‌కి సిద్ధంగా ఉన్నట్టే. మాట ఆగిపోయి, ప్రతి అడుగుకీ మీ భుజం వెతుక్కుంటే ఆయన కూడా అమ్మగారితో ఉండటం మంచిది. అది ముందే ఇంట్లో తేల్చుకోవడం ఆయన గౌరవానికీ మంచిది, అక్కడికొచ్చి పదిమందిలో కాకుండా.

లోపల రేంజర్ మాటిమాటికీ ఒక సంగతి చెప్తారు. రాతి మీద నడవండి, ఇసుకవాగులో నడవండి, మట్టి మీద కాలు పెట్టకండి. కొత్తవాళ్లకి ఇది అతిగా అనిపిస్తుంది. అక్కడి నేలలో చాలాచోట్ల పైన నల్లగా, గడ్డలు గడ్డలుగా, కాలిన అట్టు పైపొరలా ఒకటి కనిపిస్తుంది. అది మట్టి కాదు, ప్రాణమున్నది. సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి ఇసుకరేణువుల్ని దారాలతో కుట్టినట్టు పట్టి ఉంచుతాయి. ఎడారిలో గాలికి ఇసుక ఎగిరిపోకుండా, పడ్డ కాస్త వాననీళ్లు నిలిచేలా చేసేది అదే, నేలకి నత్రజని ఇచ్చేదీ అదే. ఒక అడుగు పడితే మళ్లీ కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఒకసారి మా రేంజర్ దారి పక్కన రాతి మీద ఎండి నల్లబడిన నాచు మీద తన సీసాలోంచి నాలుగు చుక్కల నీళ్లు వేశారు. చూస్తుండగానే, పది లెక్కపెట్టేలోపు అది పచ్చబడింది. పిల్లలు ముగ్గురు నేలకి మొహాలు ఆనించి చూశారు. ఆ తర్వాత వాళ్లకి మట్టి తొక్కొద్దని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మీ పాపకి కూడా ఇది ముందే చెప్పండి.

బండల మీద దొనలు కనిపిస్తాయి, మన కొండల మీద ఉన్నట్టే. వాన పడితే నీళ్లు నిలుస్తాయి. అందులో చెయ్యి ముంచడం, మొహం కడుక్కోవడం వద్దు. కొన్ని దొనల్లో వెంట్రుకల్లాంటి సన్నటి కాళ్లతో తలకిందులుగా ఈదే చిన్న రొయ్యలు ఉంటాయి. వాటి గుడ్లు ఎండిన దొన అడుగున ఏళ్లతరబడి ఉండి, వాన పడగానే పొదుగుతాయి. మన చేతికి రాసుకున్న సన్‌స్క్రీన్ కొంచెం చాలు, ఆ కాసిని నీళ్లూ పాడైపోవడానికి. నీళ్లు లేని దొనలో కూడా కాలు పెట్టకపోవడం ఇందుకే. అలాగే జూనిపర్ చెట్లు చూపించండి నాన్నగారికి. సగం ఎండి సగం పచ్చగా ఉంటాయి. కరువొస్తే ఆ చెట్టు కొన్ని కొమ్మలకి నీళ్లు ఆపేసి మిగిలినవాటిని బతికించుకుంటుంది. రాయలసీమ మనిషికి ఆ చెట్టు ఇట్టే అర్థమవుతుంది.

భాష గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. రేంజర్ ఆగి చెప్పే మాటలు ఎంతో విలువైనవి, నాన్నగారికి ఇంగ్లీషు వేగంగా మాట్లాడితే అందకపోవచ్చు. మొదట్లోనే రేంజర్‌కి చెప్పండి, మా నాన్నకి నేను తెలుగులో చెప్తుంటాను అని. ఎవరూ అభ్యంతరం చెప్పరు. వరసలో నాన్నగారిని చివర కాకుండా రేంజర్ వెనకే నడిపించండి. ముందున్నవాళ్ల కాలు ఎక్కడ పడుతుందో చూస్తూ అక్కడే తనూ వేస్తే సగం పని తేలిక. కొన్నిసార్లు ఒక చోట అందర్నీ కూర్చోబెట్టి రెండు మూడు నిమిషాలు మౌనంగా ఉండమంటారు. అప్పుడు మాత్రం అనువాదం ఆపేయండి.

బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో. నెలల ముందు దొరకదు. నేను తీసుకున్నప్పుడు వారం ముందు మౌంటెన్ టైమ్ ఉదయం ఎనిమిదికి తెరిచారు, నిమిషాల్లో అయిపోయాయి. డాలస్‌లో అప్పుడు తొమ్మిది. రేంజర్ టికెట్ పెద్దలకి 16 డాలర్లు, పిల్లలకి 8 కట్టాను, పర్మిట్ అయితే 10. ఆరు డాలర్ల తేడా కోసం పర్మిట్ వైపు చూడకండి. ఈ రూల్సు, ధరలు, పార్కులోకి రావడానికి టైము బుక్ చేసుకోవాలా లేదా అన్నది ఏటా మారుతుంటుంది కాబట్టి ఆ వారం పార్క్ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి. రేంజర్ టికెట్లు దొరక్కపోతే మోయాబ్‌లో పార్క్ అనుమతి ఉన్న ప్రైవేటు గైడ్లు ఉన్నారు. ఖర్చు ఎక్కువే అయినా, సొంతంగా వెళ్లడం కంటే అది నయం. వాన పడే సూచన ఉంటే, టికెట్ పోయినా సరే, మానుకోండి. తడిసిన ఇసుకరాయి నాచుపట్టిన బావి మెట్టులా ఉంటుంది, పైగా ఆ సందులన్నీ నీళ్లు దిగే దారులే.

సాల్ట్ లేక్‌లో దిగి కారు తీసుకుంటే మోయాబ్ నాలుగు గంటలు. ముందు రోజు సాయంత్రానికే చేరుకోండి, నాన్నగారు నిద్రపోవాలి. పార్కు గేటు ఊరికి ఐదు మైళ్లు. గేటునుంచి ఫైరీ ఫర్నెస్ పార్కింగ్‌కి ఇంకో 14 మైళ్లు, అరగంట పెట్టుకోండి. టాయిలెట్ పని గేటు దగ్గర విజిటర్ సెంటర్‌లోనే చూసుకోండి, లోపల మూడు గంటలు ఏమీ ఉండదు. ఆలస్యమైతే గుంపు మీకోసం ఆగదు.

మీరు ముగ్గురూ లోపలికి వెళ్లగానే మీ ఆయన, అమ్మగారు అదే రోడ్డులో ముందుకి రెండు మైళ్లు వెళ్తే శాండ్ డ్యూన్ ఆర్చ్ వస్తుంది. నేను మొదట్లో చెప్పిన చోటు ఇదే. రోడ్డునుంచి లోపలికి వెళ్లి రావడం మొత్తం మైలులో మూడో వంతు కూడా లేదు. రెండు ఎత్తైన రాతిగోడల మధ్య సందులో దూరి వెళ్తే లోపల మెత్తటి ఎర్ర ఇసుక, నీడ, ఆ మూలన తోరణం. ఎక్కడం దిగడం పెద్దగా ఉండదు. ఇసుకలో కాలు కొంచెం దిగబడుతుంది కాబట్టి అమ్మగారికి ఒక చేతికర్ర ఇవ్వండి, చీర బదులు పంజాబీ డ్రెస్ అయితే నడక తేలిక. లోపలికి వెళ్లాక చెప్పులు విప్పి ఇసుకలో కూర్చోమనండి. మా అమ్మ అక్కడ గంటసేపు కూర్చుంది, రమ్మంటే రాలేదు. ఫైరీ ఫర్నెస్‌లో మీరు చూసే గోడలు ఎలా ఉంటాయో ఆవిడకి అక్కడ తెలిసిపోతుంది. ఇంకా సమయముంటే వెనక్కి వస్తూ బ్యాలెన్స్‌డ్ రాక్ దగ్గర ఒక చిన్న నడక, అది కూడా తేలికే.

మధ్యాహ్నం అందరూ గదికి వెళ్లి పడుకోండి. పొద్దు గుంకే ముందు మళ్లీ ఫైరీ ఫర్నెస్ పార్కింగ్‌కి రండి. పక్కనే వ్యూ పాయింట్ ఉంది, కంచె దాకా నాలుగు అడుగులే. ఎండ పక్కవాటుగా పడి గోడలన్నీ ఒక్కసారి నిప్పు రంగులోకి తిరుగుతాయి. పొద్దున లోపల తిరిగినప్పుడు మీకు కనిపించని ఆకారం మొత్తం అక్కడినుంచి కనిపిస్తుంది. పాప ఏ సందులో దూరిందో, తాతయ్య ఏ బండ మీంచి కూర్చుని జారారో అమ్మమ్మకి వేలు పెట్టి చూపించాల్సింది అప్పుడే. జాకెట్లు మర్చిపోకండి, పొద్దుపోయిన పది నిమిషాలకే చలి దిగుతుంది.